శిక్షణ లేకుండా బంతి ముట్టరాదు

మా ఇంట్లో ఏ పనైనా ప్రమాదంతోనే మొదలవుతుంది. ప్రమాదం జరుగుతుందని కాదు, జరగవచ్చని మా ఆయన చెప్పడంతో మొదలవుతుంది. పెళ్ళయిన కొత్తలో నేను స్టూలెక్కి బూజు దులుపుతుంటే ఆరోన్ గబగబా వచ్చి నా చెయ్యి పట్టుకుని కిందికి దింపాడు. అబ్బ, ఎంత ప్రేమో అనుకున్నాను. స్టూలును తిరగేసి చూసి, "దీనికి ఒక కాలు పొట్టిగుంది. ఎక్కేముంగట చూస్కోవాలె గద" అని దాన్ని తీసుకుపోయి ఇనుప సామాన్లవాడికి ఇచ్చేశాడు. ఆ బూజు చాన్నాళ్ళు అక్కడే ఉంది.

ఆయన పని బొగ్గు తీసే ఓపెన్‌కాస్టు గనిలో. అది లిఫ్టులో దిగే బాయి కాదు, పైనుంచి నేలను తవ్వుకుంటూ పోయిన పెద్ద గుంత. అందులో రాతికి బెజ్జాలు వేసి, మందుగుండు నింపి పేల్చే జట్టులో ఆరోన్ ఉంటాడు. పేల్చే ముందు విజిలేసి, ఎర్రజెండా ఊపి, మనుషుల్నీ బండ్లనూ దారి తప్పి వచ్చిన మేకల్నీ దూరంగా తరమడం ఆయన బాధ్యత. అక్కడ ఆ జాగ్రత్త లేకపోతే ఎవరూ ఇల్లు చేరరు. ఆ సంగతి నాకూ తెలుసు. నా గొడవల్లా ఒకటే, డ్యూటీ దిగి ఇంటికొచ్చి, స్నానం చేసి, అన్నం తిన్నాక కూడా ఆయన ఆ గుంతలోంచి బయటికి రాడు.

ఆయనకు తోడు మా మామ మార్కు. పాతకాలపు అండర్‌గ్రౌండ్ మనిషి, రిటైరై చాలా ఏళ్ళయింది. వయసులో ఉన్నప్పుడు పట్టాల మీద పోయే బొగ్గు టబ్బు ఒకటి పాదం మీదుగా పోయి ఎడమకాలి వేళ్ళు తీసుకుపోయింది. అప్పట్నుంచి ఆయన కుంటుతూ నడుస్తాడు, లోకంలో అందరూ తనలాగే జాగ్రత్తగా నడవాలంటాడు. "నా అసొంటి కాలు నా మనుమరాలికి రావద్దు తండ్రీ" అని పొద్దునా సాయంత్రం ప్రార్థనలో అడుగుతాడు. దేవుడికి ఈపాటికి కంఠతా వచ్చి ఉంటుంది.

ఈ ఇద్దరి చేతుల్లో పెరిగింది నా బిడ్డ హన్నా. ఆరేళ్ళు. మెట్లు దిగితే గోడ పట్టుకుని దిగుతుంది. పాల గ్లాసు తీసుకునే ముందు వేలితో తాకి చూసి, ఊది, మళ్ళీ తాకి చూస్తుంది, చల్లటి పాలైనా సరే. మా క్వార్టర్లకు గుంత దగ్గరే కాబట్టి, విజిల్ వినబడితే ఏం చెయ్యాలో తండ్రి దానికి మూడేళ్ళప్పుడే నేర్పాడు. దాంతో కుక్కర్ కూసినప్పుడల్లా పిల్ల మంచం కిందికి దూరేది. రెండు విజిళ్ళకూ తేడా దానికి తెలిసేదాకా నేను కుక్కర్ అటకెక్కించి గంజి వార్చుకున్నాను. మా అమ్మ చూడ్డానికొచ్చి, "కరెంటు గ్యాసు అన్ని ఉండంగ గీ పాతకాలపు వంటేందే" అని నవ్వింది. ఏం చెప్పను?

కిందటి చలికాలంలో బడిలో పరుగుపందెం పెట్టారు. ఆ బడికి ఆటస్థలమూ లేదు, ఆటల సారూ లేడు, పక్క గల్లీలోనే ముగ్గుతో గీత గీశారు. టీచరమ్మ రుమాలు ఊపగానే పిల్లలంతా ఉరికారు. నా బిడ్డ నడిచింది. కింద రాళ్ళు చూసుకుంటూ, మోరీ కాలువ పక్కనుంచి తప్పుకుంటూ, నింపాదిగా నడిచింది. మిగతా పిల్లలు గీత దాటి, బిస్కెట్ పొట్లాలు అందుకుని, సగం తినేసినా మా పిల్ల ఇంకా వస్తూనే ఉంది. పాపం కాలు బాగాలేదేమోనని అందరూ చప్పట్లు కొట్టారు. టీచరమ్మ నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "దవాఖానల చూపెట్టిన్రా అక్కా?" అని అడిగింది.

ఇంటికొచ్చి ఆరోన్‌కు చెప్పాను. "కిందవడకుంట వచ్చింది గద!" అని బిడ్డను ఎత్తుకుని ముద్దు పెట్టుకున్నాడు. మామ బజారుకు పోయి మిఠాయి తెచ్చాడు. నేను స్నానాల గదిలోకి పోయి నల్లా తిప్పి ఏడ్చాను. నాకు కప్పులొద్దు, మెడళ్ళొద్దు. నా బిడ్డ ఒక్కసారి కిందికీ వెనక్కీ చూసుకోకుండా ఉరికితే కళ్ళారా చూడాలి. పిల్లన్నాక ఉరకాలి కదా. అదొక్కటే నా కోరిక, అదే మా ఇంట్లో గొంతెమ్మ కోరికైంది.

అందుకే ఆయనకు చెప్పకుండా రఘుపతి అన్నను కలిశాను. ఆయన వర్క్‌షాపులో ఫిట్టరు. వయసులో ఉన్నప్పుడు ఫుట్‌బాల్ బాగా ఆడేవాడట, ఇప్పుడు ఆదివారం పొద్దున కాలనీ గ్రౌండులో చిన్నపిల్లలకు నేర్పుతున్నాడు. "తోలుకరా చెల్లే, ఆడిపిద్దాం" అన్నాడు. అంత తేలిగ్గా సరేననే మనిషిని చూసి ఎన్నాళ్ళయిందో. నాకు ఆయనకు దండం పెట్టాలనిపించింది.

ఆ రాత్రి అన్నం దగ్గర విషయం బయటపెట్టాను. ఆరోన్ ముద్ద కలపడం ఆపాడు.

"కాలుతోని తన్నుడా?"

"ఫుట్‌బాల్‌ను ఇంక దేనితోని తంతరు?"

"అవుతలి పోరగాండ్లు గూడ తంతరా?"

"వాళ్ళు చూస్కుంట నిలవడరు గద. వాళ్ళు గూడ తంతరు."

"బంతినేనా?"

నేను కంచం పక్కకు జరిపాను. పిల్ల నడిచిన సంగతి, టీచరమ్మ అడిగిన సంగతి, నల్లా తిప్పిన సంగతి అన్నీ చెప్పాను. చివరికి ఆయన నీళ్ళు తాగి, తీర్పు చెప్పాడు. "ఒక్కనాడు చూద్దాం. ఏమన్న అయిందా, బంద్. పదో తరగతి దాక మళ్ల దాని పేరెత్తద్దు."

"ఏమన్న అంటే ఏంది?"

"ఏమన్న అంటే ఏమన్ననే."

ఒప్పుకున్నాను. ఒప్పుకోక ఏం చేస్తాను, దొరికిందే ఒక్క ఆదివారం. చెయ్యి కడుక్కుంటూ ఆయన ఇంకో మాట అన్నాడు. "కని ట్రైనింగ్ గాకుంట గ్రౌండ్ల అడుగువెట్టద్దు. కొత్తోళ్ళను ట్రైనింగ్ లేకుంట ఎవలన్న బాయిల దింపుతరా?"

అలా మా ఇంట్లో ఫుట్‌బాల్ శిక్షణ మొదలైంది. ఆరోన్ బజారుకు పోయి మంచి బంతే కొన్నాడు. తెచ్చి, వల సంచీలో వేసి, టీవీ పైన మేకుకు వేలాడదీశాడు. ముందు థియరీ అట, ప్రాక్టికల్ తర్వాతట. రోజూ డ్యూటీ దిగి వచ్చాక పిల్లను స్టూలు మీద కూర్చోబెట్టి (కొత్త స్టూలు, నాలుగు కాళ్ళూ సమానం) పాఠం చెప్పేవాడు.

"బంతి నీ దిక్కు జోరుగ వస్తె ఏం చెయ్యాలె?"

"పక్కకు జరగాలె."

"శభాష్. పోరగాండ్లు గుంపుగ వస్తె?"

"ఇంక పక్కకు జరగాలె."

వంటింట్లోంచి వింటూ నాకు నవ్వాలో పెనం విసరాలో తెలియలేదు. బంతి వస్తే పక్కకు జరిగే ఆటగత్తె ఈ భూమి మీద ఇంకెక్కడా లేదు, మేమే తయారుచేస్తున్నాం. వారం గడిచింది. పిల్లకు చెయ్యకూడనివన్నీ నోటికి వచ్చేశాయి. బంతిని మాత్రం అది ఒక్కసారీ ముట్టలేదు. ఒకరోజు ఎవరూ లేనప్పుడు కింద నిలబడి, పైకి చూస్తూ, "మమ్మీ, అది మెత్తగుంటదా, గట్టిగుంటదా?" అని అడిగింది. దించి ఇచ్చాను. రెండు చేతులతో పట్టుకుని, వాసన చూసి, జాగ్రత్తగా తిరిగి ఇచ్చేసింది.

మామ మాత్రం మాటల మనిషి కాదు, పనిమంతుడు. మనుమరాలి క్యాన్వాస్ బూట్లు పట్టుకుని మాయమై, సాయంత్రానికి తిరిగొచ్చాడు. బూటు కొసలో నూనెడబ్బా రేకు కత్తిరించి పెట్టి, పైన తోలు వేసి కుట్టించాడు.

"గిదేంది మామా?"

"కాలు మీద బంతి వడ్తె వేళ్ళు నలగద్దు గద బిడ్డా."

ఆ ఆటలో బంతి కాలి మీద పడకపోతేనే నష్టమని నేను చెప్పబోయాను. ఆయన ముఖం చూసి ఆగిపోయాను. వేళ్ళు పోయిన మనిషితో వేళ్ళ గురించి ఏం వాదిస్తాం? హన్నా ఆ బూట్లేసుకుని ఇంట్లో నడిస్తే గిన్నెల బండి వచ్చినట్టు చప్పుడు. ఆరోన్ మాత్రం వంగి, కొసలు నొక్కి చూసి, "ఇగ జర ఫికర్ తగ్గింది" అన్నాడు.

శనివారం పొద్దున ఆయన పార, గంప పట్టుకుని గ్రౌండుకు పోయాడు. గుంతలు పూడ్చాడు, గాజుపెంకులు ఏరాడు, గోల్‌స్తంభాలను ఊపి చూశాడు. పక్కింటి మల్లక్క గోడమీంచి ఈ సంబరమంతా వారం నుంచీ చూస్తోంది. ఇక ఆగలేక అడిగేసింది. "ఓ రాహేలూ, పొల్లను ఆటకు తోలుతున్నరా, బార్డర్‌కు తోలుతున్నరా?"

"బార్డర్ అయితే గింత తయారీ ఉండది అక్కా" అన్నాను.

ఆదివారం తెల్లవారింది. పది గంటలకు చర్చి, దానికి ముందే ఆట. మామ చేసిన ప్రార్థనలో పిల్ల కాళ్ళు, చేతులు, కళ్ళు, పళ్ళు విడివిడిగా వచ్చాయి. మోకాళ్ళకు నా పాత స్వెట్టరు చేతులు కోసి తొడిగారు. తలకు ఉన్నిటోపీ. గేటు దగ్గర ఆరోన్ పిల్లను నిలబెట్టి, షిఫ్టు మొదట్లో కార్మికులతో చెప్పించినట్టు ప్రతిజ్ఞ చెప్పించాడు. "నా భద్రత నా చేతిల ఉన్నది" అంది నా బిడ్డ, చెయ్యి చాపి. ఆ చెయ్యి చూస్తే నాకు నవ్వొచ్చింది, జాలీ వేసింది. అరచేతిలో బిస్కెట్ పొడి అంటుకుని ఉంది.

గ్రౌండులో పిల్లలు అప్పటికే గోల గోలగా ఉన్నారు. రఘుపతి అన్న హన్నాను పైనుంచి కిందికి చూసి, "ఏంది బావా, కాశ్మీర్‌కు గిట్ట పోతున్నరా?" అని ఆరోన్‌ను అడిగాడు. జవాబు కోసం ఆగకుండా ముందు టోపీ తీశాడు, తర్వాత మోకాళ్ళకున్న స్వెట్టరు చేతులు లాగేశాడు. బూటు విప్పి, తిరగేసి, కొస మీద వేలితో కొడితే టంగుమంది. ఏమీ అనకుండా రెండు బూట్లూ మామ చేతికిచ్చాడు. "ఉత్తకాళ్ళతోని ఆడనియ్యిన్రి. గడ్డే ఉన్నది. గ్రౌండ్ గూడ ఎవలో పుణ్యాత్ముడు సాఫ్ చేసిపోయిండు."

పుణ్యాత్ముడు గొంతు సవరించుకున్నాడు. నేను ఆయన మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

ఆట మొదలైంది. పిల్లలంతా బంతి వెంట గుంపుగా పడ్డారు. బంతి హన్నా వైపు వచ్చింది, హన్నా పక్కకు జరిగింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ జరిగింది. ఒకసారి బంతి మెల్లగా దొర్లుకుంటూ వచ్చి దాని కాళ్ళ ముందు ఆగిపోతే, మర్యాదగా రెండడుగులు వెనక్కి వేసి దారి ఇచ్చింది. శిక్షణ అంటే అదీ. "మంచిగ చేస్తున్నది" అన్నాడు ఆరోన్, మనస్ఫూర్తిగానే. నేను పళ్ళు కొరుక్కున్నాను.

ఎండ గురించి ఆలోచించాం, కుక్కల గురించి ఆలోచించాం, గాజుపెంకులూ గోల్‌స్తంభాలూ దేన్నీ వదల్లేదు. రఘుపతి అన్న జేబులోంచి విజిల్ తీసి నోట్లో పెట్టుకున్నప్పుడు నా చేతిలో ఉన్న ఆరోన్ మోచెయ్యి బిగుసుకుంది. ఆయన "అన్నా..." అనేలోపే విజిల్ కూసింది.

హన్నా ఉరికింది. అలా ఇలా కాదు. జుట్టు వెనక్కి ఎగిరిపోతుంటే, పక్కనున్న చిన్న పిల్లాడి చెయ్యి దొరకబుచ్చుకుని, గ్రౌండంతా అడ్డంగా కోసుకుంటూ ఉరికింది. "లోపలికి ఉరుకున్రి! పేలుతది!" అని అరుస్తూ పోయి, జనం కూర్చునే సిమెంటు మెట్ల కింది సందులోకి దూరింది. గుంత పక్క క్వార్టర్ల పిల్లలు ఇంకో నలుగురు ఏమీ అడగకుండా దాని వెనకాలే దూరారు. బంతి గ్రౌండు మధ్యలో ఒంటరిగా మిగిలింది.

తల్లిదండ్రులు పొట్టలు పట్టుకుని నవ్వారు. రఘుపతి అన్న విజిల్ నోట్లోనే పెట్టుకుని నిలబడిపోయాడు. ఆరోన్ ముఖం వెలిగిపోయింది. "చూసినవా రాహేలూ? ఎంత జల్ది వోయిందో! చిన్నోన్ని గూడ ఇడిసిపెట్టలే!"

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. కోపం కంటే ఎక్కువ దుఃఖం వచ్చింది. నేను ఇన్నాళ్ళూ చూడాలనుకున్నది ఇప్పుడే చూశాను, నా బిడ్డ అందరికంటే బాగా ఉరకగలదు. "చూసిన" అన్నాను. "దానికి కాళ్ళు మంచిగనే ఉన్నయి. కని సచ్చిపోతనని భయమైతేనే ఉరుకుతది నీ బిడ్డ. ఉరుకుడంటే గంతేనని నేర్పినవ్ దానికి."

ఆయన నవ్వు ఆగిపోయింది. మెట్ల దగ్గరికి నడిచి, వంగి, సందులోకి చూశాడు. నేనూ వెనకే వెళ్ళాను. హన్నా గొంతుక్కూర్చుని ఉంది. ఒక చెయ్యి తన తల మీద, ఒక చెయ్యి ఆ చిన్నోడి తల మీద.

"బయటికి రా బిడ్డా, ఏం గాలే."

"నువ్వు పోయి చూసినవా డాడీ?"

ఆయనకు వెంటనే అర్థమైంది, నాకు ఒక్క క్షణం పట్టింది. పేలిన తర్వాత ముందుగా ఒక్కడే పోయి, పేలని మందు ఎక్కడైనా మిగిలిందేమో చూడాలి, అప్పటిదాకా ఎవరూ కదలకూడదు. అది గుంతలో ఆయన రోజూ చేసే పని. ఆయన మాట మీద తప్ప ఎవరి మాట మీదా హన్నా బయటికి రాదు.

ఆరోన్ లేచాడు. చర్చికని వేసుకున్న తెల్ల చొక్కాతో గ్రౌండు మధ్యకు పోయి, తల వంచుకుని, ఒక గోల్ నుంచి ఇంకో గోల్ దాకా అడుగు అడుగూ చూసుకుంటూ నడిచాడు. కొందరు ఫోన్లు తీసి వీడియో పట్టారు. "ఏం పోగొట్టుకున్నవన్నా?" అని ఒకాయన అరిచాడు, మళ్ళీ నవ్వులు. ఊళ్ళో ఎవరికీ తల వంచని మనిషి. ఆయన ఎవరివైపూ చూడలేదు, తొందరపడలేదు. అంతా చూసి, తిరిగొచ్చి, మెట్ల ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"చూసొచ్చిన. అంత మంచిగనే ఉన్నది."

"మళ్ల పేలదా?"

మా పెళ్ళయినప్పట్నుంచి ఆ మనిషి దేనికీ హామీ ఇవ్వగా నేను వినలేదు. వానొస్తుందా అంటే చెప్పలేం అంటాడు, అన్నం ఉడికిందా అంటే ముట్టి చూడాలె అంటాడు.

"పేలది బిడ్డా. గిది పేల్చేటి విజిల్ గాదు, ఆడేటి విజిల్. గిది ఇనవడితె దాక్కునుడు లేదు. ఉత్తగనే ఉరుకుడు."

"ఉత్తగనేనా?"

"ఉత్తగనే."

హన్నా ఆలోచించింది. "ఎటు ఉరుకాలె?"

"నీకు ఎటు బుద్ధయితె అటు."

అది బయటికి వచ్చింది, దాని వెనకాల మిగతావాళ్ళూ వచ్చారు. ఆరోన్ దాన్ని మధ్యకు తీసుకుపోయి, తను ఒక్కడే పక్కకు జరిగి, అందరికీ కనబడేలా నిలబడ్డాడు. రఘుపతి అన్న వైపు తిరిగి, "ఊదు అన్నా" అన్నాడు.

విజిల్ కూసింది. హన్నా భుజాలు రెండూ పైకి లేచాయి. తండ్రి వైపు చూసింది. ఆయన కదల్లేదు. చేతులు జేబుల్లో కుక్కుకున్నాడు.

అప్పుడు అది ఉరికింది. బంతి ఒక వైపుంటే ఇంకో వైపు ఉరికింది. గోల్ దాటి, గీత దాటి, మళ్ళీ తిరిగి, గ్రౌండు చుట్టూ నోరు తెరుచుకుని ఉరికింది. "అమ్మా హన్నా, బంతి ఇటున్నదే!" అని రఘుపతి అన్న పిలిచాడు.

"ఉరుకనియ్యి అన్నా" అన్నాడు ఆరోన్.

మూల మీద తిరుగుతూ అది బోర్లా పడింది. నా పక్కన మామ "యేసయ్యా" అన్నాడు. ఆరోన్ ఒక్క అడుగు ముందుకు వేసి, అక్కడే ఆగిపోయాడు. మోకాలు చెక్కుకుపోయింది, దూరం నుంచే ఎర్రగా కనబడుతోంది. హన్నా లేచింది. అరచేతులు గౌనుకు తుడుచుకుంది. మావైపు చూస్తుందేమోనని ముగ్గురమూ ఊపిరి బిగబట్టాం. చూడలేదు. మళ్ళీ ఉరికింది. నేను ఏడ్చాను, ఈసారి అందరి ముందే.